ఎడమచేతి ముడి

సత్తెమ్మక్క పెట్టె తెరిచే పని నా మీద పడింది. ఇంకెవరి మీద పడుతుంది? కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులవి. ఆసుపత్రికి తన కాళ్లమీద నడిచి వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. ఆఖరి చూపు కూడా మాకు దక్కలేదు. దినాలకు ఒక్కరు కూడా గుమ్మం తొక్కలేదు. ఆమె నాకు యారాలు, అంటే మా ఆయన అన్నకు భార్య. సూరత్‌లో ఆల్థాన్ వైపు ఫ్లాట్లు కట్టిన కొత్తలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కొనుక్కున్నారు. మా ఆయన కనకయ్య పోయి చాలా ఏళ్లయింది. నా బిడ్డ ముంబయిలో ఉంటుంది. సత్తెమ్మక్క కొడుకు నరేష్‌ను ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ వాళ్లు క్వార్టర్స్ దాటి రానివ్వడం లేదు. ఇక ఆ అంతస్తులో మిగిలింది నేనూ, మా బావ రాజేశమూ. ఈ భూమ్మీద ఇంతమంది ఉండగా ఆయనతో మిగలడం నా ఖర్మ.

పెట్టెలో పెద్దగా ఏమీ లేదు. కట్టని చీరలు నాలుగు, పసుపుతాడు ఉండ, నరేష్ చిన్నప్పటి చొక్కా ఒకటి. అడుగున తలనొప్పి మందు డబ్బా ఉంది. మందు ఎప్పుడో అయిపోయింది, అందులో కోరా గుడ్డ పేలిక దాచింది. మైదా గంజిలో ముంచి ఎండబెట్టిన పేలిక అట్టలా బిగుసుకుపోయి, అంచులు పసుపెక్కి ఉంది. మధ్యలో ముడి ఉంది. మగ్గం మీద తెగిన పోగుల్ని కలిపే నేతగాళ్ల ముడి. దాన్ని ఎవరూ విప్పలేదు, ముడికి ఇటూ అటూ బ్లేడుతో కోసి ఉంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. అందరూ కుడిచేత్తో వేసే ముడి ఒక వైపు పడుకుంటుంది, ఇది రెండో వైపు పడుకుంది. మా వాడ మొత్తంలో ఎడమచేతివాటం మనిషిని నేనొక్కదాన్నే. ఆ ముడి నాది. అది ఏ రోజు వేశానో కూడా నాకు తెలుసు.

అప్పుడు మేం వడోద్‌లో ఉండేవాళ్లం, పాండేసరా మిల్లులకు నడిచి వెళ్లేంత దూరం. ఒకే వరుసలో పద్నాలుగు గదులు, అందరికీ కలిపి ఒక్క నల్లా. కరీంనగర్ వైపు పల్లె నుంచి పెళ్లి చేసుకుని వచ్చేటప్పటికి నాకు అప్పుడప్పుడే పద్దెనిమిది నిండాయి. ఒక్క గదిలో రెండు జంటలం, మధ్యలో పాత చీర పరదా. గోడ అవతల పొద్దంతా సాంచాల చప్పుడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలు అంటారు. మా బావ సాంచాలు బాగుచేసే మాస్టర్. మగ్గం మొరాయిస్తే సేఠు కూడా ఆయన కోసం నిలబడి ఎదురుచూసేవాడు. ఆ గీర ఇంట్లోకి కూడా మోసుకొచ్చేవాడు. మా ఇళ్లలో అన్నగారు తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడకూడదు. నా కళ్లముందు కూర్చుని, "నీళ్లు తెమ్మని చెప్పు దానికి" అని సత్తెమ్మక్కతో అనేవాడు. నేను తెచ్చి ఆమె చేతికిస్తే, ఆమె ఆయన చేతికిచ్చేది. నలభై ఏళ్లు మా ఇద్దరి మధ్య మాటలూ చెంబులూ మోసింది ఆవిడే.

వారానికొక రోజు కరెంటు తీసేవాళ్లు, సాంచాలకు ఆ రోజు ఛుట్టీ. ఆ రోజు మా బావ వంట చేసేవాడు. చేసేవాడు అంటే ఏమిటో చెబుతాను. పొద్దున్నే మాంసం ఆయనే వెళ్లి కొట్టించుకొచ్చేవాడు, అది నిజం. కడిగేది సత్తెమ్మక్క. ఉల్లిగడ్డలు తరిగేది, వెల్లుల్లి వలిచేది, ధనియాలూ గసగసాలూ ఎండుకొబ్బరీ వేయించి నూరేది నేను. పొట్టు పొయ్యి కూరేది ఆమె. వడ్రంగి దుకాణం నుంచి రంపపు పొట్టు సంచిలో మోసుకొచ్చి, పైభాగం కోసిన నూనె డబ్బాలో మధ్యన ఒక ఖాళీ బీరు సీసా నిలబెట్టి, కింద కన్నంలోంచి ఇంకో సీసా దూర్చి, చుట్టూ పొట్టును మడమతో తొక్కినట్టు బిగించి, సీసాల్ని మెల్లగా తిప్పుతూ లాగేసేది. పొట్టు విరిగిందా మళ్లీ మొదటికే. సరిగ్గా కూరిన పొయ్యి ముట్టించాక పొద్దు గూకేదాకా మళ్లీ చూడనక్కర్లేదు, సన్నటి సెగ మీద దానంతటదే కాలుతూ ఉంటుంది. ఇవన్నీ అయ్యాక మా బావ వచ్చి, చొక్కా విప్పి, గంజు అని మేం పిలిచే అడుగు మందం గిన్నెలో మాంసమూ మసాలా వేసి చేత్తో కలిపేవాడు. ఆ కలిపిన చెయ్యికే పేరంతా. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

"ఆడోళ్లు ఊకె మూత తీసి కలుపుతరు. కలిపిన కూర కూరనే గాదు. కూర అంటె ఇడిసిపెట్టాలె," అనేవాడు వచ్చినవాళ్లతో. అందుకే మూత పెట్టి దాని చుట్టూ గంజిలో ముంచిన కోరా గుడ్డ పట్టీ బిగించి, తనే ముడి వేసేవాడు. ఎండితే అది కర్రలా బిగుస్తుంది. ఆవిరి పోదు. అంతకన్నా ముఖ్యంగా, ఎవరి చెయ్యీ లోపలికి పోదు. అది ఆడవాళ్ల మీద వేసిన తాళం అని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇక బీరు. గుజరాత్‌లో మందు నిషేధం, దమణ్‌లో కాదు. మగవాళ్ల సంచులు రైల్లో వెతుకుతారు, ఆడవాళ్ల జోలికి రారు. కనుక దమణ్ పోయేది సత్తెమ్మక్క. వాపి దాకా రైలు, అక్కడినుంచి ఏది దొరికితే అది. ఆరేడు సీసాలు గుడ్డముక్కల్లో చుట్టి, పైన చీరల మూట పెట్టి, చుట్టానికి చీరలు అమ్మబోయినట్టు మొహం పెట్టుకుని వచ్చేది. రైలు ఆగిన ప్రతిసారీ మూటను ఒళ్లోకి లాక్కునేదట. వచ్చాక మా బావ సీసా వెలుతురుకు ఎత్తి చూసి, "గీ కంపెనీది తెచ్చినవేందే? నురగ నిలువది దీన్ది," అనేవాడు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా ఉండవు. పట్టుబడితే పరువు పోయేది ఆమెది, ఆయన నురగ గురించి ఆలోచించేవాడు. తడి గోనెలో చుట్టి నల్లా కింద సీసాలు చల్లబెట్టేది కూడా మేమే. సాయంత్రం ఎనిమిది మంది మగవాళ్లు గది ముందు గుండ్రంగా కూర్చునేవాళ్లు, మా ఆయన కూడా వాళ్లలోనే. మేం పరదా వెనక. వాళ్లు తిని లేచాక మాకు మెడ ఎముకలూ అడుగంటిన మసాలా మిగిలేవి. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ అడుగు మసాలా కూడా అమృతంలా ఉండేది. నా కోపానికి అది ఇంకో కారణం.

నాకు నాలుగో నెల పడింది. అన్నం వాసన వస్తే వాంతి, చాయ్ వాసన వస్తే వాంతి. ఛుట్టీ రోజు మధ్యాహ్నం ఆ గంజు చుట్టూ తిరిగే వాసన ఒక్కటే నన్ను మనిషిని చేసేది. అడిగితే ఒక ముక్క ఇస్తారా? అడగడానికే దారి లేదు, నేను మాట్లాడకూడని మనిషి కట్టిన గంజు అది. ఒక ఛుట్టీనాడు మగవాళ్లంతా చివరి గదిలో పత్తాలాటలో ఉన్నారు, సత్తెమ్మక్క మేం కూలికి దారాలు కత్తిరించిన చీరల మూట సేఠుకు అప్పగించడానికి వెళ్లింది. పట్టీ మీద వేడినీళ్లు చిలకరించి నానబెట్టాను, ముడి విప్పాను, మూత లేపాను. మూలుగ బొక్క, అంటే మూలుగున్న ఎముక, ఒకటి తీసి అరచేతిలో కొట్టుకుని పీల్చాను. నా బతుకులో అంత రుచి మళ్లీ తగల్లేదు, ఇది రాస్తుంటే కూడా నోట్లో నీళ్లూరుతున్నాయి. బొక్క వెనక మురుగు మోరీలో పడేసి, పట్టీ మళ్లీ చుట్టి, ముడి వేసి, పైన గంజి పూశాను. నేతగాళ్ల ఇంట పుట్టినదాన్ని, ముడి వెయ్యడం నాకు చెప్పాలా? అలా మూడు ఛుట్టీలు గడిచాయి. నాలుగోసారి గంజి ఆరకముందే మగవాళ్లు లేచొచ్చారు.

బావ బ్లేడుతో పట్టీ కోశాడు. కోసి, ముడి ఉన్న ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తడి గంజి చూస్తున్నాడనుకున్నాను. తర్వాత గంటెతో కూర తిరగేశాడు.

"ఆరు మూలుగ బొక్కలేసిన. అయిదే ఉన్నయి. గంజెవలు ఇప్పిండ్రే?"

అడిగింది సత్తెమ్మక్కను. నేను పరదా పట్టుకుని నిలబడ్డాను. ఆమె గంజు చూసింది, ఆయన చేతిలోని ముక్క చూసింది, నోరు విప్పలేదు. అంతే, ఇనుప గంటె ఆమె కుడి మణికట్టు మీద పడింది. కూర అంటిన గంటె అది, పసుపు మరక ఆమె చేతిమీదా గోడమీదా పడింది. ఎనిమిది మంది మగవాళ్లలో ఒక్కడు లేచి నిలబడలేదు. మా ఆయన తల గ్లాసులోకి దించుకున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. తర్వాత అదే గంటెతో బావ అందరికీ వడ్డించాడు. "మస్తుగున్నది రాజేశన్నా," అన్నాడొకడు. అవును మరి, మస్తుగానే ఉండి ఉంటుంది.

ఆ మణికట్టు సరిగ్గా అతుక్కోలేదు. పసుపు కట్టు కట్టారు, వంకరగానే నిలిచిపోయింది. చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని మేమిద్దరం ఇంట్లో కూర్చుని చేసేవాళ్లం, ఆ తర్వాత కుడిచేతికి కత్తెర ఆగలేదు ఆమెకు. చాలా పనులు ఎడమచేత్తోనే అలవాటు చేసుకుంది. నాలుగు రోజుల తర్వాత నల్లా దగ్గర బిందె కింద పెట్టి, నా మొహం చూడకుండా, "కుడిచేత్తోని కట్టుడు నేర్సుకో పిల్లా," అంది. అంతే అంది. ఎడమచేత్తో పెట్టకు, ఎడమచేత్తో ఇవ్వకు అని చిన్నప్పటినుంచీ అందరూ తిట్టే తిట్టే అనుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి అలా అనుకున్నాను. నలభై ఏళ్ల తర్వాత మందు డబ్బాలో ఆ ముక్క చూసేదాకా ఆ సుఖంలోనే ఉన్నాను. ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు. మోరీలోంచి ఏరుకుందో, చీపురుకింద దొరికిందో, ఆ ముడిని దాచుకుంది. ఒక్కనాడూ నా మొహాన కొట్టలేదు.

ఇంతటితో అయినా బాగుండేది. మా బావ ఆ గంటె దెబ్బను హాస్యం చేశాడు. "మా ఇంట్ల బొక్కల దొంగ ఉన్నది, జర పైలం," అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. నరేష్ పుట్టాక వాడికి ఉగ్గుతో పాటు ఆ మాట పట్టాడు. వాడు పెరిగి, గుజరాతీ బడికి పోయి, స్నేహితుల్ని ఇంటికి తెచ్చినప్పుడు, "మమ్మీ బొక్కల దొంగ, కిచెన్‌కు తాళం వెయ్యాలి," అని ముద్దుగా అనేవాడు. పెళ్లిచూపుల్లో కూడా అన్నాడు. సత్తెమ్మక్క నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నా నవ్వు తలచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఆమెను తీసుకుపోయిన జబ్బే బావకూ వచ్చింది. పోయేటప్పుడు ఆయన ప్రాణం మాత్రం వదిలిపెట్టి, రుచినీ వాసననూ పట్టుకుపోయింది. ఇంత న్యాయం జబ్బుకు కూడా తెలుసా అనిపించింది. ఇప్పుడు ఆయనకు పర్మిట్ ఉంది, డాక్టరు రాసిచ్చిన కాగితంతో దర్జాగా బీరు తెచ్చుకోవచ్చు. ఎవరి చీరల మూటలోనూ దాచక్కర్లేదు. ఫ్రిజ్‌లో వరుసగా సీసాలు, నరేష్ పంపిన డబ్బుతో కొన్న ఖరీదైనవి, నురగ గ్లాసు అంచు దాటి నిలబడేవి. అవి తాగి, "నీళ్లే," అని మూతి తుడుచుకునేవాడు. పొట్టు పొయ్యి లేదు, గ్యాసు మంట సన్నగా పెట్టి అదే గంజు ఎక్కించేవాడు. పూటంతా ఉడికించే కూరలు ఇప్పుడు ఫోను వీడియోల్లో గొప్ప ఫ్యాషనట, నరేష్ భార్య చెప్పింది. ఒక మధ్యాహ్నం పక్క తలుపు దగ్గర నిలబడి, "సరోజా," అని పిలిచాడు. ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు. మాట మోసే మనిషి పోయింది మరి.

"జర ఉప్పు చూడు. నాల్క మీద మట్టి పెట్టినట్టున్నది నాకు."

ఆడదాని చెయ్యి గంజులో పడకూడదన్న మనిషి గంటె నా చేతికిచ్చాడు. చూశాను. ఉప్పు కషాయంలా ఉంది. "సరిపోయింది బావా," అన్నాను. ఆయన తిన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వెళ్లి అబద్ధం చెప్పాను. సంతోషంగా చెప్పాను. వయసు మళ్లితే మనసు మెత్తబడుతుందని అంటారే, నా విషయంలో అది జరగలేదు.

పెట్టె తెరిచింది ఆ రోజుల్లోనే. నెల మాసికం నాడు బావ మళ్లీ మాంసం తెప్పించాడు, "దానికి ఇష్టముండె" అని. చచ్చినవాడి కళ్లు చారెడు! ఉప్పు నన్ను వెయ్యమన్నాడు. వేశావా అని అడిగితే వేశానన్నాను, చిటికెడు కూడా వెయ్యలేదు. మూత పెట్టి, గంజి పట్టీ చుట్టబోతే ఆయన చేతుల్లోంచి రెండుసార్లు జారింది. "నువ్వే కట్టు," అన్నాడు. నేను ఆయన కళ్లముందే, ఎడమచేత్తో, తొందరపడకుండా కట్టాను. కట్టి పక్కకు జరిగాను. ఆయన వంగి చూశాడు.

"గిదే ముడి," అన్నాడు. "వడోద్‌ల సుత గిదే."

"అంటే ఏంది బావా? నీకు తెలుసా?"

"దారాలల్లనే తల పండింది నాది. ఎవల ముడి ఎవలదో నాకెరుక లేదా?"

"ఎరుకుండి అక్కను కొట్టినవా?"

"మరి నిన్ను కొట్టాల్నా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తమ్ముని పెండ్లాం మీద చెయ్యెత్తుతరా ఎవలన్న? గంతమంది ముంగట గంజు ఇప్పినట్టు తెలిసినంక ఊకుంటె నా ఇజ్జత్ ఏముంటది? అది నా పెండ్లాం గాబట్టి దాన్ని కొట్టిన. మీ అక్కకు సుత అర్థమైంది, అందుకే ఏమన్లే."

సాంచాలో ఏ పన్ను ఎందుకు విరిగిందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఇన్నేళ్లూ ఆయన పొరపాటు పడ్డాడని, ఆ పొరపాటును నేను దిద్దలేదని కుమిలాను. అక్కడ పొరపాటే లేదు.

"ఇయ్యాల నరేష్ ఫోన్ చేస్తడు గద. అక్క దొంగ గాదని చెప్పు. చిన్నమ్మ తీసిందని చెప్పు," అన్నాను.

"పోయిన మనిషికి ఇంక పేరెందుకు?" అని ఫ్రిజ్ వైపు నడిచాడు.

సాయంత్రం పట్టీ కోసి వడ్డించుకుని కూర్చున్నాం. నేనూ ఒక సీసా తీసుకున్నాను, ఆయన ఎదురుగానే గ్లాసులో పోసుకున్నాను. ఫోన్ మోగింది, తెరమీద నరేష్, పక్కన భార్య. వాడి కళ్లు వాచి ఉన్నాయి. గంజు చూడగానే నవ్వబోయి ముక్కు తుడుచుకున్నాడు. "మమ్మీ ఉంటే ఈపాటికి ఒక బొక్క మాయమయ్యేది, కదా పప్పా?"

"దొంగను నేను నరేష్," అన్నాను. "మీ అమ్మ కాదు. నువ్వు పుట్టకముందు నేను తీసిన, దెబ్బ మీ అమ్మకు పడ్డది. ఆ చెయ్యి వంకర అందుకే. మీ నాన్నకు అప్పుడే తెలుసు. అడుగు."

వాడు తండ్రి వైపు చూశాడు. "పప్పా? సచ్ హై క్యా?"

బావ గ్లాసు కింద పెట్టాడు. "మీ చిన్నమ్మకు బీరెక్కింది రా. అలవాటు లేదు గద. పట్టించుకోకు."

నరేష్ ఊపిరి పీల్చుకుని నవ్వాడు. ఏడుపు మధ్యలో వచ్చిన నవ్వు, వాడికది ఎంత అవసరమో కనిపిస్తూనే ఉంది. "చిన్నమ్మా, జర ధీరే ధీరే," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

బావ ఒక ముద్ద నమిలి, ఎప్పటిలాగే నా వైపు గిన్నె జరిపాడు. "ఉప్పు సరిపోయిందా?"

"నాకు బీరెక్కింది గద బావా," అన్నాను. "నాకేం తెలుస్తది?"

ఆయన గిన్నె మళ్లీ దగ్గరకు లాక్కున్నాడు. చప్పిడి కూర చివరిదాకా తిన్నాడు. నేను మూలుగ బొక్క తీసుకుని, ఉప్పు చల్లుకుని, ఆయన ముందే పీల్చాను. వడోద్‌లో ఉన్న రుచి లేదు.

ఆ తర్వాత ఆయన పిలిచినా నేను ఉప్పు చూడటానికి వెళ్లలేదు. ముడి ఉన్న పేలిక ఇప్పుడు నా దగ్గరే ఉంది. నరేష్‌కు తెలుగు అక్షరాలు రావు, ఇది చదవలేడు. చదివినవాళ్లెవరైనా వాడికి వినిపించండి. వాళ్లమ్మ ఆ గంజులోంచి ఒక్క బొక్క కూడా తియ్యలేదు.